మిషన్ రంగు

"బాబూ, ఈ రంగు కాదయ్యా ఇది!"

పెద్దాయన మళ్లీ మొదలెట్టాడు. ఫొటో ల్యాబ్ యజమానికి ఒళ్లు మండింది.

కౌంటర్ మీద పన్నెండు ఫొటోలు పరిచి ఉన్నాయి. ఒకదాంట్లో అరిగిన చెప్పులు, ఒకదాంట్లో తాళాల గుత్తి, మరోదాంట్లో మడత విప్పిన చొక్కా. మనిషన్నవాడు ఒక్కదాంట్లోనూ లేడు.

ప్రతి శనివారం ఇదే తంతు. ఊళ్లోకెల్లా తక్కువ రేటని వెతుక్కుంటూ వస్తాడు, ఫోన్లోంచి ఇలాంటివే పంపిస్తాడు, తీరా ప్రింట్లు చేతికిచ్చాక వంకలు పెడతాడు. పాత సామాన్లు అమ్ముకునే రకం అనుకుని, యజమాని ఆయనకి 'పాతబట్టల పెద్దాయన' అని పేరు పెట్టేశాడు.

"ఈ చొక్కా ముదురాకుపచ్చ బాబూ. నీ మిషన్ నీలం చేసి పెట్టింది."

"అది ఆటో కలర్ పెద్దాయనా. రంగులు మిషనే దిద్దుకుంటుంది. పెళ్లి ఫొటోలన్నీ అలాగే తీస్తాను, ఎవరూ ఒక్క మాట అనలేదు."

"పెళ్లికూతురు తెల్లగా వస్తే ఎవరంటారు? నావి ఉన్నవి ఉన్నట్టు రావాలి."

"ఒక్కొక్కటీ చూసి చేత్తో దిద్దాలంటే రెట్టింపు అవుతుంది. ఇస్తారా?"

పెద్దాయన జేబు తడుముకున్నాడు.

"అంత నావల్ల కాదయ్యా. ఈ చొక్కా ఒక్కటైనా చూడు. ఒక్కసారి కంప్యూటర్లో చూస్తే నీకే తెలుస్తుంది."

"దమ్మిడీ ఆదాయం లేని బేరానికి గంట సేపు చాకిరీనా? ఈ రేటుకి మిషన్ ఏ రంగిస్తే అదే రంగు!"

యజమాని స్క్రీన్ వైపు తలైనా తిప్పలేదు. ఫొటోలన్నీ కవర్లో కుక్కి ముందుకు తోశాడు. పెద్దాయన తీసుకుని మెట్లు దిగాడు.

నిజానికి యజమాని మరీ అంత కఠినుడేం కాదు. ఇంట్లో అగ్గి రగులుతోంది, ఆ సెగ వచ్చినవాళ్లందరికీ తగులుతోంది.

నెల కిందట ఒక పెళ్లి ఆల్బమ్ పాడుచేశాడని, నలుగురి ముందూ తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు. తమ్ముడు కట్టుబట్టలతో బయటికి నడిచాడు. మళ్లీ రాలేదు.

"ఒరే పెద్దోడా, షాపులో చిన్నోడి ఫొటో అంటించరా. వచ్చేపోయేవాళ్లు చూస్తారు" అని తల్లి రోజూ బతిమాలేది.

"శుభమా అని జనం వచ్చే షాపమ్మా ఇది. తప్పిపోయినవాడి ఫొటో పెడితే పరువుంటుందా?"

అడిగినవాళ్లకి తమ్ముడికి పై ఊళ్లో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. తల్లి మాత్రం కర్ర పట్టుకుని బస్టాండులూ ఆసుపత్రులూ తిరిగింది. కనిపించీ కనిపించని చూపుతో, కొడుకు వేసుకెళ్లిన చొక్కా రంగు చెప్పి అందరినీ అడిగింది.

రెండు నెలలు గడిచాయి. ఒక శనివారం పెద్దాయన ప్రింట్లకి ఇచ్చి వెళ్లాడు, తీసుకోవడానికి రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు యజమాని.

పై వారం ఖాకీ చొక్కా మనిషి ఒకడు వచ్చాడు.

"సార్, వారం వారం ఒక పెద్దాయన వచ్చేవారు కదా? ఆయన ఫొటోలిస్తారా?"

"ఆయన రాలేదేం?"

"పోయారు సార్, మొన్న మంగళవారం. ఫొటోల్లేక బోర్డు ఆగిపోయింది."

"ఏం బోర్డు?"

"మా ఆసుపత్రి మార్చురీ బోర్డు. ఎవరూ రాని శవాల ఒంటిమీది బట్టలూ చెప్పులూ అవి. ముఖాలు పెడితే జనం చూడలేక తల తిప్పుకుని పోతున్నారని, మా ఉద్యోగి కాకపోయినా, ఆయనే సొంత డబ్బుతో వీటిని ఫొటోలు తీసి అంటించేవారు. చొక్కా చూసైనా ఎవరో ఒకరు గుర్తుపడతారని."

యజమానికి తమ్ముడు వేసుకెళ్లిన చొక్కా గుర్తొచ్చింది. షట్టర్ దించాడో లేదో కూడా తెలియకుండా అతని వెంట పరుగెత్తాడు.

మార్చురీ గోడ మీది బోర్డులో మూడో వరసలో నీలం చొక్కా ఉంది. నల్ల గుండీల మధ్య ఒక్క తెల్ల గుండీ. వెళ్లిపోయిన రోజు పొద్దున, గుండీ ఊడిందంటే అమ్మ దొరికిందేదో కుట్టింది. తమ్ముడిదే. రంగొక్కటే తమ్ముడిది కాదు.

"ఇక్కడికి... ఒక ముసలావిడ వచ్చిందా?"

"ప్రతి శనివారం, పెద్దాయన మీ షాపుకొచ్చే వేళకే వస్తారు సార్. చూపు ఆనదు పాపం. ముదురాకుపచ్చ చొక్కా ఉందా నాయనా అంటారు. నేనిక్కడ కొత్త, బోర్డు చూసి చెప్పడమే. లేదమ్మా, నీలమే ఉంది అని పంపించేస్తాను."

యజమాని నేల మీద చతికిలబడి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు. చేతులారా చేసుకున్నాడు, ఎవర్ని తిట్టుకుంటాడు?

"వాడిప్పుడు ఎక్కడ?"

"పదిహేను రోజులకి మించి ఉంచరు సార్. సాగనంపేశారు."

"ఎవరూ లేని అనాథలాగానా?"

"లేదు సార్. బంధువు సంతకం లేకపోతే అందరినీ కలిపి ఒకే గోతిలో వేసేస్తారు. అలా జరగనివ్వకూడదని పెద్దాయన పట్టు. ఆయనేం రాసినా మా పెద్దసారు చూసీచూడనట్టు ఊరుకునేవారు."

అతను రిజిస్టర్ తెచ్చి, నీలం చొక్కా కింద ఉన్న నంబరు వెతికి చూపించాడు.

ఆ వరసలోనూ, దాని పైనున్న నలభై మూడు వరసల్లోనూ, చనిపోయినవారికి ఏమవుతారు అన్నచోట, ఒకే వణుకు చేతిరాతతో ఒకే మాట ఉంది: తండ్రి.