వెనకాల స్కూటరు

మళ్లీ వచ్చాడు వాడు.

జాహ్నవి వెనక్కి చూడలేదు. చూస్తే సైకిలూ అటే తిరిగిపోతుంది. లావు టైర్ల సైకిలు మీద కొండబాటలు ఎక్కి దిగిన పిల్ల. ఈ రోడ్డు సైకిలు ఎక్కి పట్టుమని నెల కాలేదు. వేలంత టైరు, కిందికి వంగిన హ్యాండిలు. ప్రతి మలుపూ ఓ గండమే.

పైగా పాత అలవాటొకటి చావలేదు. వెనక హారన్ వినపడితే చాలు, తారు దిగి కంకరలోకి పోతుంది. లావు టైరుకి కంకర ఒక లెక్కా? సన్న టైరు జారి చస్తుంది.

ఆదివారం దీవుల జట్టుకి ఎంపిక. అందులో నెగ్గితేనే సముద్రం అవతల మెయిన్‌ల్యాండ్‌లో పోటీలు. ఆ పిల్లకి తిన్నా పడుకున్నా అదే ధ్యాస.

మధ్యలో ఈ స్కూటరువాడొకడు! డైరీ ఫార్మ్ నుంచి సిప్పీఘాట్ దాకా రోజూ వెనకే. యాభై ఏళ్లుంటాయి. దాటిపోడు, తప్పుకోడు. వెనకొచ్చే లారీలకి చెయ్యి అడ్డంపెట్టి మరీ ఆపుతాడు, ఈ పిల్ల వెనక తనొక్కడే ఉండాలన్నట్టు.

ఇంట్లో చెప్పేసింది.

"ఎవడే వాడు?" వాళ్లన్న సుభాష్ కళ్లెర్రజేశాడు.

"తెలీదన్నయ్యా. రోజూ ఎనకెనకే పీఛా చేస్తన్నాడు."

"కల్ దేఖ్ లేంగే, రేపు వాడి సంగతి తేలుద్దాం. నువ్వు మామూలుగా తొక్కు."

మర్నాడు సిప్పీఘాట్ టీకొట్టు దగ్గర సుభాష్, అతని స్నేహితులు కాపుకాశారు. స్కూటరు ఆపి తాళం లాక్కున్నారు.

"క్యా అంకుల్, ఈ వయసులో ఆడపిల్ల ఎనక పడతావా? సిగ్గులేదూ?"

అతను నోరు తెరిచాడు. జాహ్నవి వైపు, ఆమె సైకిలు వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"సెప్పవేం? ఏం పని నీకు మా చెల్లితో?"

"ఏం లేదు బాబూ. పాపని తొక్కనివ్వండి, చాలు."

చెంప ఛెళ్లుమంది. గుంపులో గోవిందా అని టీ తాగేవాళ్లు కూడా తలో చెయ్యీ వేశారు. చెవిలోంచి నెత్తురు కారింది.

జాహ్నవికి జాలి వెయ్యలేదు. హాయిగా అనిపించింది.

"బాగా అయింది. మళ్లీ రాడు" అంది.

రాలేదు.

రోడ్డంతా తనదే అయినట్టు రెండో రోజు ఈల వేసుకుంటూ తొక్కింది. సిప్పీఘాట్ దిగుడులో వెనక లారీ హారన్ కొట్టింది. అలవాటు ఊరుకుంటుందా? సైకిలు తారు దిగింది. కంకరలో జారింది.

తొడ ఎముక ముక్కలైంది.

"పోటీల మాట ఇక మర్చిపోమ్మా" అన్నాడు డాక్టరు.

సాయంత్రం ఆమెకి ఆ సైకిలు అమ్మిన చక్రి వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"తప్పు నాదే చెల్లీ. ముందే చెప్పాల్సింది."

"ఏంటి చక్రి భయ్యా?"

"చచ్చిపోయిన పిల్ల సైకిలంటే మీ అమ్మ గుమ్మం తొక్కనిస్తదా? అందుకే ఆయన నాచేత ఒట్టేయించుకున్నాడు. నా సంగతి చెప్పకు, సైకిలు మూలపడకుండా ఆ పిల్ల తొక్కితే చాలన్నాడు."

"ఎవరు?"

"మీవాళ్లు చెవి పగలగొట్టారే, ఆయన. నిన్ననే ఓడెక్కి విశాఖపట్నం పోయాడు."

చక్రి ముఖం తుడుచుకున్నాడు.

"ఆ దిగుడులోనే, అదే సైకిలు మీద లారీ కిందపడి పోయింది ఆయన కూతురు. ఆ రోజు దాని ఎనకాల లేకపోయాను, ఈ పిల్ల ఎనకాలైనా ఉంటానని స్కూటరు తీశాడమ్మా."