ల్యాబ్‌లో రెండు రోజులు

బకెట్లో పడ్డ ఫోనును శ్యామలమ్మ బియ్యంలో పాతిపెట్టి, టిఫిన్ డబ్బాతో సహా కార్ఖానా బస్తీలోని మొబైల్ రిపేరు దుకాణానికి తెచ్చింది.

"గిదేంది అవ్వా?" దుకాణదారు విజయేందర్ రెండు వేళ్లతో ఫోనును పైకి లేపాడు.

"మా అత్త చేతిగడియారం తడిస్తే గిట్లనే చేస్తుండె కొడుకా. బియ్యం తేమ గుంజుతయి."

విజయేందర్ నవ్వాడు. మిగతా కస్టమర్లు కూడా నవ్వాలని ఇంకాస్త గట్టిగా నవ్వాడు. "ఏ కాలంల ఉన్నవ్ అవ్వా? గిది ఫోను, పులిహోర గాదు. మెషిన్ల పెట్టాలె. ల్యాబ్‌ల రెండు దినాలు పడ్తది."

"జెర జల్ది చెయ్యి. మా బిడ్డకు ఇయ్యాలో రేపో కాన్పు. ఫోనొస్తది."

"సైన్సుకు తొందర పనికిరాదవ్వా," అని చీటీ రాసిచ్చాడు. శ్యామలమ్మ సిగ్గుపడి, బియ్యం డబ్బాను కొంగుచాటున దాచుకుని వెళ్లిపోయింది.

విజయేందర్ గ్లౌజులు తొడుక్కున్నాడు. ఫోనును స్టీలు పళ్లెంలో పెట్టుకుని, 'ల్యాబ్' అని రాసివున్న తెర జరిపి, వెనక ఉన్న తన ఇంటి వంటగదిలోకి నడిచాడు.

"అమ్మా, ఇంకోటొచ్చింది. బియ్యం డబ్బ మూత తియ్యి. గీసారి వండే ముందు జెర చెయ్యి పెట్టి చూడు. నిన్న నా అన్నంల ఎవలదో సిమ్ కార్డొచ్చింది."