పేరంటంలో ముదిత

మనసులో ఉన్నది పైకి చెప్పేసే గాజులు ఇంటింటికీ వచ్చాక, పేరంటాల మర్యాదే మారిపోయింది. ఎవరి గాజు "అసూయ" అని పలికినా, మిగతావాళ్లు వినబడనట్టు శనగలు నమలాలి.

తోడికోడలు మందాకిని బొమ్మల కొలువుకి వెళ్లిన ప్రతి దసరాకీ శేషారత్నం గాజు ఆ మాటే పలికేది. ఈసారి బొమ్మల పెళ్లి ఊరేగింపు చూసి ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది. గాజు "ముదిత" అంది.

నమలడాలు ఆగిపోయాయి.

"అదేం జబ్బక్కా?" అంది మందాకిని.

గాజే వివరించింది. "తనకేమీ ఒరగకపోయినా ఎదుటివారి సంతోషం చూసి కలిగే ఆనందం. వాడుక తక్కువ."

"తక్కువేంటి, మా వీధిలో ఒక్క గాజూ అనలేదు. రిపేరుకిచ్చి చూడండి," అంది పక్కింటి కామాక్షి.

శేషారత్నం కళ్లు చెమర్చాయి. "నిజంగానే బావుంది మందా, నీ కొలువు."

మందాకిని చెయ్యి కొంగుచాటున దాచుకుంది. అయినా వినిపించింది, "అసూయ" అని.

శేషారత్నం వినబడనట్టే నాలుగు శనగలు నోట్లో వేసుకుంది. అంత రుచైన శనగలు ఆవిడెప్పుడూ తినలేదు.

శేషారత్నం గాజు కాస్త తటపటాయించింది. "ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఎదుటివారి ఏడుపు చూసి అందరికీ కలిగే సంతోషమే."