పైడితల్లి తరవాణి

"ఏటే సిందూ! నా తరవాణి కుండలో సెయ్యెట్టినావా?"

హిందీ మాట్లాడే ఆ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, సోనారి పేటలోని చిన్న బీరు కార్ఖానా తలుపు తోసుకుని లోపలికొచ్చింది పైడితల్లి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, గోల్‌మురి పేట నుంచి ఒక్కర్తే ఆటో ఎక్కి వచ్చేసింది.

మనవరాలు సింధు బిక్కచచ్చిపోయింది. ఆమె ఎదురుగా యజమాని సీతారామరావు అప్పుడే గ్లాసులో మొదటి గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

బీరును పులియబెట్టే ఈస్టు కొనకుండా, ఈ ఊళ్లో దొరికే ఈస్టుతోనే బీరు చేసి చూపిస్తానని సింధు ఆయనకు మాటిచ్చి ఎనిమిది నెలలైంది. విప్పపువ్వు మీది ఈస్టుతో చేస్తే చేదెక్కింది. నేరేడు పళ్లతో చేస్తే బూజు పట్టింది. దల్మా కొండ తేనెతో అసలు పొంగనే లేదు. ఇదే ఆఖరి పీపా. ఇదీ పోతే ఆమె ఉద్యోగమూ పోతుంది.

"ఏక్ చమ్మచ్ హీ తో లియా, నాన్నమ్మా," అంది సింధు గొణుగుతూ.

"సెంచాడైతే మట్టుకు? రోజూ గంజి పోసి, పులవబెట్టి, నలబయ్యేళ్లుగా బతికించుకుంటన్న కుండే అది! డూటీ నుంచొచ్చి మీ తాత ముందు ఆ తరవాణి తాగీవోడు, తరవాతే అన్నం. మనింట్లో మందు ముట్టినోడు ఒక్కడు నేడు. అలాటి కుండతో బీరు సేత్తావా?"

సీతారామరావు చెయ్యెత్తాడు. రెండో గుక్క తాగాడు. మూడోదీ తాగాడు. గ్లాసు ఖాళీ అయింది.

"అమ్మా, నాను సానా ఊళ్లు తిరిగినాను. ఇంత కమ్మటి పులుపు ఎక్కడా సూడనేదు," అన్నాడు. సింధు వైపు తిరిగాడు. "పెద్ద ట్యాంకు దీంతోనే ఎయ్యమ్మా. సీసా మీద మీ నాన్నమ్మ పేరే ఏద్దాం. పైడితల్లి బీరు!"

సింధు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పరుగున వెళ్లి నాన్నమ్మను వాటేసుకుంది.

పైడితల్లి కోపం ఎటు పోయిందో తెలీలేదు. పైట సర్దుకుంది. నిటారుగా నిలబడింది. పీపా దగ్గరికెళ్లి, వంగి, గట్టిగా వాసన పీల్చింది. తన కుండ వాసనే. ముఖం వెలిగిపోయింది.

"బాగా సేసినావే," అంది మనవరాలి తల నిమురుతూ. తర్వాత సీతారామరావుతో మెల్లగా అంది. "నా పేరొక్కటే ఏత్తే తప్పు బాబూ. ఫూల్మణి పేరు కూడా ఎయ్యాల."

"ఆవిడెవరమ్మా?"

"మా పక్కింట్లో ఉండీది, సంతాలీ మనిసి. ఈ ఊరొచ్చిన కొత్తలో నా కుండ ఎంతకీ పులవకపోతే, తన బియ్యం కల్లు ఓ గరిటెడు తెచ్చి అందులో పోసింది. ఈ సిందు తాతకి, ఆయన సచ్చీదాకా సెప్పనేదు!"