ఏడో నంబరు

"ఏడో నంబరు దగ్గర పైపు నలిగిపోయింది. మీ నాన్నగారితో చెప్పు," అన్నాడు భర్త, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆ నాన్నగారు అతనికి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు.

"నేను వేసిన పైపు నలగదు. నలిగితే ఆ కంప్యూటర్ బుర్రే నలిగుంటుంది. మీ ఆయనతో చెప్పమ్మా," అన్నాడు తండ్రి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మధ్యలో ఉన్న ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. పైపుల మధ్య ఎంత ఎడం ఉండాలన్న దాని మీద నిన్న మామాఅల్లుళ్లకు మాటలు పెరిగాయి, ఆ తర్వాత మాటలే ఆగిపోయాయి. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా టపా మోస్తున్నది ఆమే. ఎన్ని చేరవేసిందో, ఎన్ని దారిలో జారవిడిచిందో ఆమెకే గుర్తు లేదు.

గాజు గోడకు అవతల ఖాళీ గది. దాని గచ్చు కింద తండ్రి పరిచిన వేడినీళ్ల పైపులు, గచ్చులో వేడి కొలిచే పన్నెండు సెన్సర్లు. ఏ చోట ఎంత వేడి ఉంటుందో భర్త రాసిన ప్రోగ్రాం ముందే లెక్కకట్టి చెబుతుంది. అసలు గచ్చు ఆ లెక్కకు ఒప్పుకుంటుందా లేదా అన్నదే ఇవాళ్టి పరీక్ష. సెన్సర్లూ, తెరా ఆమె పని. తెర సరిగ్గా వెలుగుతోందో లేదోనని నిన్న సాయంత్రం ఓ మీట నొక్కి, సెన్సర్ల బదులు ప్రోగ్రాం అంకెలే పెట్టి రిహార్సల్ కూడా చేసింది. పొద్దున వచ్చేసరికి ఏడో నంబరు తీగ ఊడి ఉంటే, దాన్ని మిగతావాటిలా మీట మీదుగా కాకుండా నేరుగా తెరకే కలిపింది. మనిషి ఒంటి వేడికి అంకెలు చెడతాయని నిన్నట్నుంచి ఆ గదిలో ఎవరూ కాలు పెట్టలేదు.

పదకొండు సెన్సర్లు ప్రోగ్రాం చెప్పిన అంకెల్నే పొల్లుపోకుండా చూపిస్తున్నాయి. ఇరవయ్యారు, ఇరవయ్యారున్నర, ఇరవయ్యేడు డిగ్రీలు. ఏడో నంబరు మాత్రం పదిహేడు దగ్గర బిగదీసుకుని కూర్చుంది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పదకొండు ఇంత బాగా సరిపోయాక ప్రోగ్రాంని అనుమానించలేం. ఏడో చోట గచ్చు పగలగొట్టి చూద్దాం. పైపుదే లోపమైతే మేస్త్రీగారి పేరు మా జాబితాలోంచి తీసెయ్యాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి."

"పైపు బాగుంటే?" అని అడిగింది ఆమె.

"అప్పుడు ప్రోగ్రాం పక్కకి పోతుంది. ఒక్కచోట తప్పినా ఇళ్లలో వాడనివ్వం."

అంటే తండ్రి బతుకుతెరువో, మొగుడి మూడేళ్ల కష్టమో, రెంటిలో ఒకటి ఇంకో పావుగంటలో పోతుంది. గెలిచినవాడు నోరు మూసుకోడు, ఓడినవాడు అన్నం ముట్టడు. ఇద్దరికీ వండాల్సింది మాత్రం తనే.

"తీగ వదులైందేమో, ఇంకోసారి చూస్తాను," అంది ఆమె.

"రెండుసార్లు చూశావుగా. పుట్టింటివాళ్లని వెనకేసుకు రావడానికీ ఒక హద్దుండాలి," అన్నాడు భర్త.

"నన్నెవరూ వెనకేసుకు రానక్కర్లేదని చెప్పమ్మా," అంటూ తండ్రి సుత్తీ ఉలీ అందుకున్నాడు.

గుమ్మం దగ్గర ఆయన వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"పగలగొట్టే గచ్చుకి ఆ మర్యాదలెందుకో అడుగు," అన్నాడు భర్త.

"నేను వేసిన గచ్చు నేను బూట్లతో తొక్కనని చెప్పు."

తండ్రి లోపలికి నడిచాడు. ఒక అడుగు, రెండడుగులు. ఆగిపోయాడు. ఏడో నంబరు వైపు వెళ్లకుండా ఎడమ మూలకు వెళ్లాడు. అక్కణ్నుంచి కుడి మూలకు. చివరికి గది నడిమధ్యన గొంతుక్కూర్చుని అరచెయ్యి గచ్చుకు ఆనించాడు.

"అల్లుడూ!"

నిన్నటి నుంచి అదే మొదటి పిలుపు.

"ఏంటి మామయ్యా?" అలవాటుగా పలికేశాడు భర్త.

"ఏడో నంబరొక్కటే కాదయ్యా, గచ్చంతా మంచుగడ్డలా ఉంది! హీటరు వేశావా లేదా?"

"నేనా? రోజూ వేసేది మీరేగా!"

"ఇవాళ నువ్వే వేసుకోమని పొద్దున్నే కబురు చేశానుగా!"

"ఎవరితో?"

ఆఫీసరమ్మ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది.

"హీటరే వెయ్యకపోతే, మరి ఈ పదకొండింటికీ ఇరవయ్యారు ఎక్కణ్నుంచి వచ్చింది?"

మామాఅల్లుళ్లు ఇద్దరూ ఒక్కసారే ఆమె వైపు తిరిగారు. అప్పటికే ఆమె తెరకు వీపు ఆనించి నిలబడి, నిన్న సాయంత్రం నొక్కి మరిచిపోయిన రిహార్సల్ మీట కోసం చేత్తో వెనక తడుముకుంటోంది.