గోడ మీది తొమ్మిది అక్షరాలు

"ఈ 'న' ఎందుకమ్మా ఇలా నలిగిపోయింది?"

వెనక నుంచి ఆ మాట వినిపించేసరికి డిజైన్ విద్యార్థిని ఉలిక్కిపడింది.

కుర్చీ వెనక ఒక ముసలాయన. ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. కాలేజీ కంప్యూటర్ గదిలోకి ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"డిజైనే అంతండీ," అంది ముక్తసరిగా.

టైము మూడున్నర. నాలుగింటికల్లా తన పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్‌లో మార్పులన్నీ ముగించాలి. ఆ తర్వాత చెయ్యి పెట్టడానికి లేదు. స్టూడియో మేడమ్ చూసి తేల్చేస్తారు. ఆమె స్టూడియోలో ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగం. వడపోతలన్నీ అయ్యాక మిగిలింది ఇద్దరు. ఈ పిల్ల ఒకతె.

హోమ్ పేజీ నిండా అక్షరాలు. బొద్దుగా, నడుం దగ్గర కాస్త వంపుతో ముచ్చటగా ఉన్నాయి. వాటి కింద ఒక వాక్యం.

"ఈ అక్షరాలన్నీ నా సొంత రూపకల్పన."

వచ్చిన చిక్కల్లా ఆ 'అన్నీ' దగ్గరే.

అందులో తొమ్మిది ఆమెవి కావు. రైలు స్టేషన్ వెనక సందులో ఒక గోడ మీద, 'ఇచ్చట గొడుగులు బాగుచేయబడును' అని ఎవరో ఎప్పుడో కుంచెతో రాశారు. ఆమె దాన్ని ఫోటో తీసి, కంప్యూటర్‌లో గీత వెంబడి గీత గీసుకుంది. ఆ తొమ్మిదింటి పోలికలు పట్టుకుని మిగతా అక్షరాలన్నీ తనే కల్పించింది. గోడ మీది తొమ్మిదింటికి పట్టింది ఒక పూట. మిగతావాటికి పట్టింది ఐదు నెలలు.

గోడ మీద వాక్యం చివర నీళ్ల పైపు అడ్డొచ్చింది. రాసినవాడు పాపం ఆఖరి అక్షరాన్ని ఎలాగో ఇరికించాడు. కంప్యూటర్‌లో పైపు లేదు కదా, కాస్త వెడల్పు చేద్దామన్న ఆలోచన ఈ మహాతల్లికి తట్టలేదు. నలిగిన 'న'ను నలిగినట్టే దించేసింది.

ముసలాయన వేలు సరిగ్గా దాని మీదే ఉంది.

"కుంచెతోనే రాశావా అమ్మా?"

"ఆ."

"ఎన్నో నంబరు కుంచె?"

"గుర్తు లేదు."

"పోనీలే." వేలు కిందికి జరిగింది. "మరి ఈ 'ఝ'?"

అది అడిగేసరికి ఆమెకు ఒళ్లు మండింది. అది ఆమెది. అచ్చంగా ఆమెది.

"దాన్ని ముప్పై సార్లకు పైగా గీశానండీ. వారం పట్టింది. పొట్ట కుదిరితే తోక పాడయ్యేది, తోక కుదిరితే పొట్ట పాడయ్యేది. ఏడుపొచ్చింది కూడా."

ముసలాయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వంగి, తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి చాలాసేపు చూశాడు.

"కుదిరింది," అన్నాడు మెల్లగా. "భలే కుదిరింది."

ఆమె గడియారం వంక చూసింది. మూడూ నలభై.

"మరి కింద రాసిన ఆ మాట అలాగే ఉంచుతావా తల్లీ?"

భయం వేస్తే కోపం తెచ్చుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"మీకెందుకండీ? అసలు మీరెవరు? ఇది స్టూడెంట్లు పని చేసుకునే చోటు. దయచేసి బయటికి వెళ్లండి."

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి.

ముసలాయన నొచ్చుకున్నట్టు కనబడలేదు. "పని చూసుకో," అని వెళ్లిపోయాడు.

ఆమెకు పని సాగలేదు. ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చుంది. 'తొమ్మిది ఒక గోడ మీదివి' అని చేరిస్తే చాలు. కానీ చేరిస్తే ఉద్యోగం ఆ రెండోవాడికి పోతుంది. చేర్చకపోతే అబద్ధం అలాగే ఉండిపోతుంది.

మూడూ యాభైకి ల్యాబ్ చూసుకునే అన్న వచ్చాడు.

"ఆ పెద్దాయన్ని అలా కసిరావేంటమ్మా? ఆయన్ని స్టూడియో వాళ్లు పంపారట. నీకోసం గేటు దగ్గర అడిగి మరీ వచ్చాడు."

లేచి పరుగెత్తింది. వరండాలో లేడు, మెట్ల మీద లేడు. గేటు దాటి బస్టాపు దాకా వెళ్లి వెతికింది. ఎక్కడా లేడు.

రొప్పుతూ తిరిగొచ్చేసరికి నాలుగూ ఐదు. వాక్యం అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం స్టూడియో మేడమ్ దగ్గర నుంచి ఫోన్.

"సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా. ఉద్యోగం నీదే."

ఆమెకు సంతోషం కలగలేదు. నమ్మకం కుదరలేదు.

"మేడమ్, నిన్న మీరు పంపిన పెద్దాయనతో నేను చాలా దురుసుగా మాట్లాడాను. క్షమించమని అడగాలి. ఎక్కడుంటారో చెబుతారా?"

"అయ్యో, ఆయన పొద్దున బండికే కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఇక అక్కడే ఉంటారట. ఏ ఊరో మేం అడగలేదు. దురుసుగా మాట్లాడావని మాతో అననే లేదే. ఆ పిల్ల చేతిలో పనితనం ఉంది, వదులుకోకండి అన్నారు."

"ఆయన మీ స్టూడియోలో పెద్దవారా మేడమ్?"

"కాదమ్మా. ఇప్పుడు చెబితే తప్పులేదు. నీ అక్షరాలు స్టేషన్ వెనక గోడ మీద చూశానని మా ఆఫీసులో ఒకావిడ అనుమానపడింది. అందుకే ఆయన్ని వెతికి పట్టుకుని, మీరే వెళ్లి చూసి చెప్పండని బతిమాలాం. ఆ గోడ మీద కుంచె పట్టి రాసింది ఆయనే కదా, 'వీటిలో ఒక్కటీ నా చేతిది కాదు' అని ఆయన నోటితోనే చెప్పాక ఇక మాకు అనుమానమెందుకు?"