చోటు మార్చే లీకు

ఆరో ఆదివారం కూడా కారులో నీళ్ళున్నాయి.

నానాజీ ముందుసీటు దగ్గర మ్యాట్ ఎత్తి వేళ్ళతో నొక్కాడు. కింద కార్పెట్‌లోంచి నీళ్ళూరాయి. పక్కనే నిలబడ్డ కారు ఓనరు మల్లేశ్వరరావు వైపు చూడ్డానికి అతనికి మొహం చెల్లలేదు. అనకాపల్లి బైపాసు పక్కన కార్ల రిపేరు షెడ్డు పెట్టి పాతికేళ్ళయింది. ఎవరి కారులో నీళ్ళు దిగినా జనం నానాజీ పేరే చెబుతారు. అలాంటివాడికి ఈ ఇరవై ఏళ్ళ ముసలి కారు చుక్కలు చూపిస్తోంది.

"ఏటి బాబూ, పోయినవారం బాగానే పంపేను కదా," అన్నాడు.

"మళ్ళీ వచ్చేయి," అన్నాడు మల్లేశ్వరరావు.

బెల్లం బజారులో ఒకప్పుడు కబుర్లకు పెట్టింది పేరు ఆయన. ఈమధ్య మాట్లాడేది అంతే.

మొదటివారం దొరికినది చిన్న లోపం. ముందద్దం కింద నీళ్ళు పోయే కన్నం వేపాకులతో పూడిపోయింది. నానాజీ పుల్ల పెట్టి తీసేశాడు. ఇక ఢోకా లేదన్నాడు. రెండోవారం వెనకతలుపు రబ్బరు దగ్గర దిగాయి. మూడోవారం డిక్కీ. ఆ తర్వాత డ్రైవరు తలుపు. ఎక్కడ చూసినా రబ్బరు తెగి ఉంటోంది. ఇది ఎలకల పనేనని తేల్చాడు నానాజీ. బెల్లం కొట్టు పక్కన కారు పెడితే ఎలకలు ఊరుకుంటాయా అని వేళాకోళం కూడా చేశాడు. మల్లేశ్వరరావు నవ్వలేదు. కాదనీ అనలేదు.

ఎక్కడినుంచి దిగినా నీళ్ళు పల్లానికే చేరతాయి. చేరిన చోటు చూసి దారి చెప్పలేం. అందుకే ఈ పనికి ఇద్దరు కావాలి. లోపలంతా పొడిగా తుడిచి, అంచుల వెంట మొహానికి రాసుకునే పౌడరు చల్లుతాడు నానాజీ. కిటికీ గ్లాసులన్నీ పైకెత్తి మూసేసి ఒకరు లోపల సెల్‌ఫోను లైటు పట్టుకుని కూర్చోవాలి. బయటినుంచి అతను పైపుతో నీళ్ళు కొడతాడు, కింద మొదలుపెట్టి మెల్లగా పైకి, ఒక్కో పక్క పావుగంట. పౌడరు మీద తడిగీత కనిపించగానే లోపలి మనిషి గ్లాసు మీద తట్టాలి.

లోపల కూర్చునేది మల్లేశ్వరరావు భార్య సూర్యకాంతమ్మ. మొదటివారం గుడినుంచి అటే వస్తూ ఉంటే, ఎవరూ లేరని ఆవిణ్ణే కూర్చోమన్నారు. తర్వాత అదే అలవాటైంది. ఆవిడ గ్లాసు తట్టడం బహు తక్కువ. బయటికి రాగానే ఉక్కగా ఉందంటూ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంది.

ఈ ఏడు మాఘంలో వాళ్ళ కొడుకు కిరణ్ పోయాడు. ఇరవై రెండేళ్ళు. నాలుగు రోజుల జ్వరం. వాడు బండి నడపడం నేర్చుకున్నది ఈ కారుమీదే.

ఏడాది తిరక్కుండా ఇంట్లో పెళ్ళి జరగాలి, లేదంటే మూడేళ్ళు ఆగాలన్నారు పెద్దలు. మల్లేశ్వరరావు తమ్ముడు దేవీప్రసాద్ కూతురికి కార్తీకంలో ముహూర్తం పెట్టేశారు. అన్నదమ్ములది ఒకే ఇల్లు. పన్నెండు మంది, పైన వచ్చేపోయే చుట్టాలు. తలుపేసుకుందామంటే ఖాళీ గది ఉండదు. పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో కన్నీళ్ళు పడకూడదని అత్తగారు సూర్యకాంతమ్మకు ఒక్కసారే చెప్పింది. ఆవిడ తలూపింది. ఆ రోజునుంచి ఇంట్లో ఆవిడ కంటతడి చూసినవాళ్ళు లేరు. పసుపు దంచింది. పెళ్ళిచీరలకు ఫాల్స్ కుట్టింది. గుండె రాయి చేసుకుందని చుట్టాలు మెచ్చుకున్నారు.

మల్లేశ్వరరావుకైతే అసలు ఏడుపే రాలేదు. కొడుకు ఫొటో చూసినా లోపల ఏమీ కదలదు. తిమ్మిరెక్కిన కాలులా ఉంది మనిషంతా. కొట్టు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఈ ఎనిమిది నెలల్లో ఆయన పట్టుబట్టింది ఒక్క కారు విషయంలోనే.

దేవీప్రసాద్ నిన్న విసుగెత్తిపోయాడు. "రేపటికీ ఈ లీకు ఆగకపోతే సోమవారం తుక్కువాణ్ణి రమ్మంటానన్నయ్యా. పెళ్ళివారొచ్చే ఇంటిముందు ఈ ముక్కకంపేటి?"

రేపొక్కసారి చూడనివ్వమని తమ్ముణ్ణి బతిమాలుకున్నాడు మల్లేశ్వరరావు. అందుకే ఈ వేళ తెల్లారగానే షెడ్డుకొచ్చాడు.

నానాజీ పౌడరు చల్లాడు. సూర్యకాంతమ్మ లోపల కూర్చుంది. గ్లాసులు లేచాయి. మోటారు వేశారు. కుడిపక్క పావుగంట కొట్టాడు. తట్టలేదు. వెనక అద్దం చుట్టూ కొట్టాడు. తట్టలేదు. ఇక ఎడమపక్కకు తిరుగుతుంటే కరెంటు పోయింది.

పైపులో నీళ్ళు సన్నబడి ఆగిపోయాయి. రేకు మీద మోత ఆగేసరికి లోపలి గొంతు బయటికి వినిపించింది. సూర్యకాంతమ్మ ఏడుస్తోంది. కొడుకుని పేరుపెట్టి పిలుస్తూ, గొంతు చించుకుని, వాడి పాడె ఎత్తిన రోజు ఏడ్చినట్టే ఏడుస్తోంది.

నానాజీ పైపు వదిలేసి తలుపు తియ్యబోయాడు. మల్లేశ్వరరావు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మ ఏడుత్తన్నారు బాబూ."

"తెలుసు. ఏడవనీ."

ఇద్దరూ కారుకి వీపు తిప్పి రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి కరెంటు వచ్చి మోటారు మోగింది. నీళ్ళు తిరిగి రేకు మీద పడగానే ఆ ఏడుపు మళ్ళీ ఎవరికీ వినిపించకుండా పోయింది. పైపు పట్టుకుని ఎడమ తలుపు వైపు అడుగేశాడు నానాజీ.

ప్రతి శనివారంలాగే నిన్న కూడా తన చేత్తోనే బ్లేడు పెట్టి కోసిన ఆ తలుపు రబ్బరు జోలికి అప్పుడే పోనివ్వకుండా, ముందు కుడిపక్కే మరోసారి మొదటినుంచి కొట్టమన్నాడు మల్లేశ్వరరావు.